పదో పేరు విసిగిన కుకబుర్ర

ఆస్ట్రేలియాలోని టూవూంబా ఊళ్ళో నీటి సరఫరా ఆఫీసు వంటగది, పొద్దుటి టీ వేళ. డేటా విభాగం పెద్ద గ్లెనిస్, ఆమె కింద నాలుగేళ్ళుగా పనిచేస్తున్న సెఫీనా.

"తొమ్మిది మంది అయ్యారు సెఫీనా. పదో పేరు కూడా దొరికింది. ఇంక పోస్టు పెట్టేయడమే."

"ఏం పోస్టు గ్లెనిస్?"

"అదే, 'డేటా మేనేజ్‌మెంట్‌లో మీరు తప్పక ఫాలో అవ్వాల్సిన పది మంది.' బ్రిస్బేన్ పెద్దాఫీసు వాళ్ళు నన్నే రాయమన్నారు. స్కోను తీసుకో. గుమ్మడికాయ వేసి కాల్చిన చిన్న బన్నులు, పొద్దున్నే చేశాను."

"వద్దు, ఇప్పుడే తిన్నాను."

"ఎప్పుడు పెట్టినా ఇప్పుడే తిన్నానంటావు. సరే, విను. మెల్‌బోర్న్ ప్రొఫెసరమ్మ, ఆక్లండ్‌లో బ్యాంకు డేటా చూసే ఆయన, పెర్త్‌లో గనుల డేటా చూసే గడ్డం ఆయన..."

"అందరూ గట్టివాళ్ళే."

"గట్టివాళ్ళే, చదువుతుంటే నిద్రొస్తుంది. అందుకే పదో పేరు విసిగిన కుకబుర్ర."

"ఎ... ఎవరు?"

"విసిగిన కుకబుర్ర! నువ్వు చూళ్ళేదూ? అసలు పేరుండదు, ఫొటో ఉండాల్సిన చోట పకపకా నవ్వే ఆ కుకబుర్ర పిట్ట బొమ్మ. రోజూ ఆన్‌లైన్‌లో వాళ్ళ బాసుని ఉతికి ఆరేస్తుంది."

"అలాంటివాళ్ళని ఆ పెద్దవాళ్ళ పక్కన పెడతారా?"

"ఇది విను. 'మా బాస్ ఫైలుకి ఫైనల్ అని పేరు పెట్టింది. తర్వాత అసలు ఫైనల్. తర్వాత, ఇదే ఫైనల్, ఒట్టు.' నవ్వలేక చచ్చాను!"

"బాగానే ఉంది."

"బాగానే ఏంటి! ఇంకోటి. 'మీటింగులో బాస్ కుక్క మొరిగితే, దాని అభిప్రాయం కూడా రాసుకోమంటుంది.' అచ్చం మా కుక్క బిస్కట్‌లా ఉంది, ముద్దుగా."

"గ్లెనిస్, టీ చల్లారిపోతోంది."

"ఇదొక్కటీ విను. 'మా బాస్ చేసిన గుమ్మడికాయ స్కోను ఒకటి అడ్డం పెడితే తలుపు గాలికి కొట్టుకోదు.' పాపం ఆ పిల్ల! ఎలాంటి మనిషి కింద పడిందో!"

"ఊరూ పేరూ తెలియని డేటాని లోపలికి రానివ్వొద్దని మీరేగా అంటారు? ఇప్పుడు ఊరూ పేరూ తెలియని మనిషిని ఎలా పెడతారు?"

"అందుకేగా, కెటిల్ మరిగేలోపు మెసేజి పెట్టాను."

"ఎవరికి?"

"కుకబుర్రకి. అలా పాలిపోయావేంటి? స్కోను తిను."

"ఏమని పెట్టారు? గ్లెనిస్, ఏమని?"

"పోయిన వారం రాసింది కదా, 'నాలుగేళ్ళుగా పని నాది, చప్పట్లు బాసువి. సీనియర్ పోస్టు అడిగీ అడిగీ నోరు నొప్పెట్టింది. ఇంక మానేస్తా' అని. నాకు కడుపు తరుక్కుపోయింది. ఆ మొద్దు బాసుని వదిలేసి నా దగ్గరికి రామ్మా, సీనియర్ పోస్టు ఇస్తాను అని పెట్టాను."

"సీనియర్ పోస్టా? నేనడిగితే బడ్జెట్ లేదన్నారే!"

"నువ్వెప్పుడడిగావు?"

"అడిగాను!"

"గొణిగావు. 'వీలైతే, కుదిరితే, మీకు ఇబ్బంది లేకపోతే' అని. ఆ పిల్ల చూడు, ఎలా దులిపేస్తుందో. నాకు అలాంటిది కావాలి."

"దులపడం నాకూ వచ్చు! ఊళ్ళో మీటర్ల చిట్టా అంతా తప్పుల తడక. దాన్ని సరిచేసింది ఎవరు? నేను! బ్రిస్బేన్ వెళ్ళి చప్పట్లు కొట్టించుకుంది ఎవరు? మీరు! నాకు ఏడుపొచ్చింది గ్లెనిస్, నిజంగా ఏడ్చాను!"

"అమ్మయ్య. కూసింది."

"ఏంటి?"

"నీకు మొదటి రోజు ఏం నేర్పాను? వేరే వేరే పేర్లతో రెండు రికార్డులొచ్చాయి. మూడు వివరాలు కలిశాయి. అప్పుడు?"

"రెండూ ఒకే మనిషివి. కలిపేయాలి."

"నాలుగేళ్ళు. సీనియర్ పోస్టు. నా చప్పట్లు. కలిపేశాను."

"గ్లెనిస్... మీకు తెలిసే..."

"మొదట నేనూ ఏడ్చాను. తర్వాత, నిజమే కదా అనిపించింది. నా మొహం మీద చెప్తావని కాచుకున్నాను, ఇవాళ్టికి చెప్పావు. పోస్టు నీదే... ఆగు, ఫోను. కుకబుర్ర జవాబు. 'ఒప్పుకుంటున్నాను.' అదేంటి, నీ చేతిలో ఫోనే లేదు?"

"అది నేను కాదు."

"మళ్ళీ వచ్చింది. 'నేనూ ఒప్పుకుంటున్నాను.' ఇంకోటి. 'వాళ్ళకంటే ముందు నేను చేరాను.' సెఫీనా, ఏంటిది?"

"ఆ పాస్‌వర్డ్ మన విభాగంలో అందరి దగ్గరా ఉంది గ్లెనిస్. నా వంతు మంగళవారం."

"అందరి దగ్గరా! సరే. ఎవరేం రాసినా క్షమించాను. ఆ స్కోన్ల మాట రాసినవాళ్ళకి మాత్రం ఆ పోస్టు ఛస్తే ఇవ్వను. చెప్పు, అది రాసింది ఎవరు?"

"అది... అది ఒక్కటే గ్లెనిస్, అందరం కలిసి కూర్చుని రాశాం."