మైకక్క గొంతు ఎలా పోయింది

సభాధ్యక్షులు డిపో మేనేజరు గారికీ, ముందు వరుసలోని పెద్దలకీ, డ్యూటీ ఎగ్గొట్టి వెనక నిలబడ్డ డ్రైవర్లకీ కండక్టర్లకీ నమస్కారం. (నవ్వులు) నవ్వండి నవ్వండి, కాసేపయ్యాక నవ్వలేరు.

టికెట్ కౌంటర్లో కూర్చునే నాకు మైకు కొత్త. మన బస్టాండులో మైకంటే అక్కదే. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఏడుస్తున్నాడో ఇన్నేళ్ళూ ఆ గొంతే చెప్పింది. అందుకే మైకక్క అయింది. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. తను ట్రాన్స్‌జెండర్ మహిళనని చేరిన రోజే చెప్పింది. "అలాగా అక్కా, టీ తాగుతావా?" అన్నాం. అంతే. ఆడవాళ్ళ గదిలో మా బ్యాగులు, దువ్వెనలు, ఏడుపులు అన్నీ కలిసే ఉండేవి.

గొంతు జబ్బు వల్ల ముందుగానే రిటైరవుతోందని ఆహ్వానంలో వేశారు. జబ్బు నిజమే మేనేజరు గారూ. అదెలా వచ్చిందో వేయలేదు.

మొన్న ఎన్నికల్లో గెలిచినాయన, ప్రచారంలో మన బస్టాండు ముందే మీటింగు పెట్టి, అక్కలాంటివాళ్ళు ఆడవాళ్ళ బాత్రూముల్లో దూరుతున్నారు, మీ ఆడపిల్లల్ని నేను కాపాడతానని అరిచాడు. "ఓట్ల కోసం వాగుడు, పట్టించుకుంటే ఎలా?" అన్నాడు మన మెకానిక్ బాబాయి. "నేను ఓటేసేది ఆయన వేయిస్తానన్న రోడ్డుకి, ఆ మాటలకి కాదు" అన్నాను నేను, అక్క ముందే. ఇక్కడ సగంమంది అదే అన్నారు. కాదన్నవాళ్ళు చెయ్యెత్తండి. (ఒక్క చెయ్యీ లేవలేదు)

రోడ్డు పడింది. ఆయన ఏ చట్టమూ తేలేదు. తేవాల్సిన పని లేకపోయింది, మనం ఉన్నాంగా! అక్క బాత్రూములోకి వస్తే లోపలివాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. నేనూ, ఏదో పనున్నట్టు, తను బయటికొచ్చేదాకా గుమ్మం దగ్గరే ఆగేదాన్ని. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అక్క లోపలికి వెళ్ళడం మానేసింది, వెళ్ళాల్సిన అవసరం రాకూడదని నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున నింపుకొచ్చిన సీసా సాయంత్రం అలాగే ఇంటికి పోయేది. రోజంతా మాట్లాడే మనిషి గొంతు బొంగురుపోతే, "ఏంటక్కా, ప్రయాణికులు నవ్వుతున్నారు" అంటూ దగ్గుమందు తెచ్చిచ్చాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇదంతా నిన్న నేను నిలదీస్తే చెప్పింది. "మాతో ఒక్క మాట అనొచ్చు కదక్కా?" అన్నాను. "నన్ను తిట్టినాయన ఎవరో నాకు తెలీదు చెల్లీ. ఓటేసినవాళ్ళు తెలుసు. తెలిసినవాళ్ళని ఏమనను?" అంది. దీనికి జవాబు మీ దగ్గరుంటే భోజనాలప్పుడు చెప్పండి.

దండలు వేశాం, పొగిడాం. వేదిక మీద అందరి గ్లాసులూ ఖాళీ అయ్యాయి, అక్క ముందున్నది మాత్రం ముట్టుకోలేదు. చూడండి. మన మధ్య కూర్చుని కూడా!

తాగక్కా. బాత్రూము ఆ మూల ఉంది, నీతో నేనొస్తాను. ఈ హాల్లో ఆడవాళ్ళు ఇంకెవరొస్తారో అదీ చూస్తాను. ఓపిగ్గా విన్నందుకు కృతజ్ఞతలు. మైకు కట్టేస్తున్నాను, సెలవు.