గాజుపలకలో మామగారు

చెమ్మకు అతుక్కుపోయిన రెండు గాజు నెగెటివ్‌లు చన్నీళ్ళ పళ్ళెంలో నానుతున్నాయి. పాత ఫోటోలను భద్రపరచడమే వృత్తిగా గల కోడలు వాటి నడుమ పలుచని ప్లాస్టిక్ రేకును దూర్చుతూ ఉండగా, విశ్రాంత స్టేషన్ మాస్టరైన మామగారు ఊపిరి బిగబట్టి నిలుచున్నారు.

“మెల్లగానమ్మా! ఆ ఆవిరి ఇంజన్ని తుక్కు కింద అమ్మేశారు. దాన్ని నడిపిన మీ అత్తయ్య నాన్నగారేమో జన్మలో మరో ఫోటోకి చిక్కలేదు.”

“తెలుసు మామయ్యా. మీరు కాస్త జరిగితే వెలుతురు పడుతుంది.”

“బొమ్మ గాజుని వదిలి ఊడొచ్చేస్తే?”

“ఊడదు. ఇదిగో... విడిపోయాయి! గీతైనా పడలేదు, చూడండి!”

“భేష్! కిటికీకి ఎదురుగా పట్టుకో. అదిగో ఇంజను! అదిగో పొగ! ఒక్క మెలిక చెరగలేదు!”

“తాతగారు మీకు చెయ్యి ఊపుతున్నారు.”

“ఊపడం కాదమ్మా, అది పిడికిలి. ఈ ఫోటో తీయడానికి పట్టాల మధ్య నిలబడి ఆయన బండి ఆపించాను.”

“స్టేషన్ మాస్టరై ఉండి మీరేనా?”

“నేనే. ఆ పూటే పిల్లనివ్వనని కబురంపారు.”

“మరి ఎలా ఒప్పించారు?”

“నేనెక్కడ ఒప్పించాను? మీ అత్తయ్యే మూడురోజులు అన్నం ముట్టలేదు.”

ఆయన వెంటనే వంటింటివైపు తిరిగి, ఏనాడూ లేనంతగా గొంతెత్తారు.

“ఏమోయ్, త్వరగా రా! మీ నాన్నగారు నన్ను కొట్టడానికి వచ్చేశారు!”