కుళాయి నీళ్లు తాగొద్దు

మేయరు గది తలుపు మూసుకుంది. విలేకరుల సమావేశం నుంచి అప్పుడే వచ్చిన పౌర సంబంధాల అధికారిణి ఆయన బల్ల ముందు నిలబడింది.

“కుళాయి నీళ్లు తాగొద్దని టీవీలో చెప్పేశావేంటమ్మా? పరీక్షలు జరుగుతున్నాయని మాత్రమే చెప్పమన్నానుగా!”

“పరీక్షలు పొద్దున్నే అయిపోయాయండీ. మురుగు కలిసిందని తేలాక ఎలా దాచమంటారు?”

“ఎన్నికలు నెత్తిమీదున్నాయి. నీకు ఉద్యోగం మీద ఆశ లేదా?”

“ఉందండీ. నా ఉద్యోగమే జనానికి చెప్పడం కదా.”

ఆయన ఫోను మోగింది. కాసేపు విని, కుర్చీలో కూలబడ్డాడు.

“మా అమ్మాయి. మనవడి బడిలో టీవీ చూసి, భోజనాల గంటకి ముందే కుళాయిలన్నీ కట్టేశారట.”

“పిల్లలు క్షేమమేగా అండీ?”

“అందరూ క్షేమం. సాయంత్రం మళ్లీ విలేకరుల్ని పిలువు. ఈసారి నేనే చెప్తాను. ఏం చెప్పాలో నువ్వు రాయి.”

“ఉన్నదున్నట్టే రాస్తానండీ.”

“రాయమ్మా. ఒక్క అక్షరం కూడా మార్చను.”