జంట గెలాక్సీల ప్లేట్లు

1991 ఏప్రిల్. మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక గుట్ట మీది వేధశాల. మధ్యాహ్నం పూట పరిశోధక విద్యార్థిని తాహేరా, దుర్బిణి నడిపే ఐలేశం మాట్లాడుకుంటున్నారు.

“దుర్బిణి గాలికి జరిగిందనకు ఐలేశమన్నా. మూడు రాత్రులు ఒక్క తీరుగ గొడ్తదా గాలి?”

“మోటారు ఆగాగి తిరుగుతాంది మేడం. ఏమయింది గిప్పుడు?”

“గీ ఫోటో ప్లేట్లు జూడు. రెండు గెలాక్సీలు ఒకదాన్నొకటి గుంజుకుంటున్నయి. చిన్నదాని అంచు ఎంత జోరుగ తిరుగుతాందో దాని వెలుగు రంగులు విడదీసి కొలిచి బరువు లెక్కగట్టిన. కనవడే వెలుగుకు పదింతల బరువొచ్చింది.”

“మంచిదే గద. పట్నం సార్లు మెచ్చుకున్నరంటిరి.”

“మెచ్చుకున్నరు. వ్యాసం అచ్చుకు గూడ పోయింది. నిన్న మళ్ల జూస్తే చిన్నదాంట్ల పెద్దదాని వెలుగు కలిసింది. దుర్బిణి పక్కకు జరిగింది. జరగకుండ తలెత్తి దుర్బిణిల కన్ను వెట్టి సూసుడు నీ పని.”

“సూస్తనే ఉన్న.”

“ఒక్కసారి తలెత్తి గుమ్మటం దిక్కు జూడు.”

“జర పనుంది మేడం, మళ్లొస్త...”

“తలెత్తు అన్నా.”

“లేస్తలేదు మేడం. రెండేండ్లాయె. మెడ కట్టెలెక్క బిగుసుకపోయింది. అందాజుగ నడుపుతున్న.”

“రెండేండ్లా. అయితే మూడు రాత్రులయే గాదు, నా ప్లేట్లన్ని పాడయినట్టే.”

“నౌకరి పోతదని చెప్పలే.”

“వ్యాసం వాపసు దెప్పించుకుంట. తప్పు నాదని రాస్త, నీ పేరు ఎత్తను. దవాఖానకు వోయినవా?”

“పోయిన. మా మర్రిగూడ నీళ్ల రోగమే, ఫ్లోరైడ్ బొక్కలకు వట్టిందన్నడు డాక్టరు.”

“నువ్వు మర్రిగూడ ఇడిసి పద్దెనిమిదేండ్లాయె గద.”

“నేను గదే అన్న. అయితే ఇప్పుడు తాగే నీళ్లు తెమ్మన్నడు. సీసల వట్టి ఇచ్చిన.”

“ఏ నీళ్లు?”

“గీ గుట్ట బోరుయి.”

“ఏమొచ్చింది?”

“మా ఊరి నీళ్లకన్న ఎక్కువ ఇషమంట. డాక్టరు కాయితమిచ్చి రెండు నెలలాయె. చూపిస్తే నీళ్లెందుకు పరీక్ష చేయించినవని అడుగుతరు, నా మెడ సంగతి బయటవడ్తదని దాసిన.”

“రెండు నెలల సంది నువ్వేం తాగుతున్నవ్?”

“ఊరి బాయి నీళ్లు మేడం. సైకిల్ మీద తెచ్చుకుంటున్న.”

“మరి నా కుండల?”

“బోరుయే. పొద్దుగాల గూడ నేనే నింపిన.”