కోవూరు రైతులు

బోగోలు దగ్గరి చేపలు పట్టేవాళ్ల ఊరి నుంచి హైదరాబాదుకు, ఇల్లు చూసుకురావడానికి వెళ్లిన ముఖేష్ తిరిగొచ్చాడు. పడవ అమ్మేసిన నాటి నుంచి భార్య సుభాషిణి ప్రాణమంతా ఆ ఇంటి కబురు మీదే ఉంది. పులుసు వేడిచేసి, కంచం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

“గది దొరికిందా మావా?”

“దొరికింది. మేడ మీద రేకుల గది. మనకొచ్చే కూలికి అందింది అదొక్కటే.”

“ఊరెట్టా ఉండాది?”

“ఎటు చూసినా గోడలే. తూర్పెటో తెలవలా.”

“నడిసముద్రంలో దారి తప్పనోడివి, సందుల్లో తప్పినావా?”

అతను నవ్వలేదు. ముక్కని వేలితో అటూ ఇటూ కదిపాడు.

“తిను మావా. నీకోసరమే కానాగంత చేపలు తెచ్చినా.”

“చేపలు వండేవాళ్లకి గదియ్యదంట ఆ ఇంటామె. వాసన పడదంట.”

“మరి నువ్వేం చెప్పినావు?”

“కోవూరులో వరి పండించుకునే వాళ్లం, చేప ముట్టం అని చెప్పినా.”

ఇంకో ముక్క వెయ్యబోయిన సుభాషిణి గరిటె గిన్నెలో పెట్టేసింది.

“బళ్లో ఎవురన్నా మన పాపని అడిగితేనో? మీ నాయన ఏం చేసేవాడని?”

“సేద్యం అని చెప్పమను.”

“వల మీద పడుకోబెట్టి పెంచిన బిడ్డ. ఆ మాట నువ్వే నేర్పు మావా, నాకు నోరు రాదు.”

ముఖేష్ ముల్లు కూడా చీకి, కంచం ఊడ్చి తిన్నాడు. బుద్ధెరిగిన నాటి నుంచి ఉత్త నీళ్లతోనే చెయ్యి కడుక్కున్న మనిషి, పెరట్లోకి పోయి నిలబడి అడిగాడు.

“సబ్బు యాడ పెట్టినావు?”