మొరిగితే పలికిన దిక్కు

"మొరగరా."

"ఎవరు, నేనా?"

"కాదు, నీ ట్రక్కు! నా గొంతు ఎప్పుడో పోయింది. మొరుగు."

పొద్దు వాలుతున్నా ఎడారిలో దుమ్ముగాలి ఆగలేదు. మతి నిలకడ లేని ముసలి తండ్రి పొద్దున డేరాలోంచి లేచి ఎటో వెళ్లిపోయాడు. వెతకబోయిన తర్ఫా, ఆమె తమ్ముడు మిస్ఫిర్ ఇసుకలో కూరుకుపోయిన బండిని వదిలేసి, నడిచి నడిచి తామే దారి తప్పారు.

"పట్నంలో నన్ను సార్ అంటారక్కా. కుక్కలా మొరగమంటావేంటి?"

"ఇక్కడ సార్లకి దారి చెప్పేవాళ్లు లేరు. నాయన నేర్పలేదూ? దారి తప్పినవాడు కుక్కలా మొరగాలి. దగ్గర్లో డేరా ఉంటే దాని కుక్కలు తిరిగి మొరుగుతాయి. ఆ గొంతు పట్టుకుని నడవాలి."

"అవి తాతల కాలం మాటలు. ఫోన్..."

"ఏమంటోంది ఫోన్?"

"సిగ్నల్ లేదు."

"అయితే మొరుగు."

"భౌ..."

"పిల్లి కూడా భయపడదు దానికి. కడుపులోంచి రావాలి!"

"భౌ! భౌ భౌ! చాలా? అక్కా, ఆ నీళ్లు ఒక్క గుక్క..."

"ముట్టుకోకు. నాయనవి."

"నేనూ మనిషినే."

"ఆయన పొద్దుట్నుంచీ చుక్క నీళ్లు లేకుండా ఉన్నాడు. ముసలి ప్రాణం. చీకటి పడిందంటే..."

"అనకు."

"నేను అనకపోతే చీకటి పడదా? ఇంతకీ ఆయన లేచి వెళ్తుంటే నువ్వెక్కడున్నావు?"

"చెప్పాగా. పక్కనే."

"పక్కనే ఏం చేస్తున్నావు?"

"పక్కనే ఉన్నానన్నానుగా!"

"నిద్రపోయావు."

"రాత్రంతా బండి నడిపొచ్చానక్కా. కన్ను మూతపడింది."

"అయ్యో, నా తండ్రీ..."

"తిట్టు. కావాలంటే కొట్టు. ఏడవకు మాత్రం."

"ఉష్! విను."

"ఏంటి?"

"మొరిగింది! ఎడం పక్క. విన్నావా?"

"విన్నా. కానీ మీరు ఇక్కడ దిగి వారం కావొస్తోంది, ఇటు డేరా ఉందని ఒక్కసారీ అనలేదే?"

"వాన పడిందని మేకల్ని తోలుకొచ్చింది మనమొక్కళ్లమేనా? ఎవరో దిగుంటారు. మనుషులుంటారు, ఒంటెలుంటాయి. అందరం కలిసి వెతకొచ్చు. పద!"

"గొంతేంటి, అంత బొంగురు?"

"ముసలి కుక్కేమో. నువ్వు ఆపకు."

"భౌ భౌ!"

"చూశావా, మనం మొరిగితేనే పలుకుతోంది. మంచి కుక్క, నా తల్లే!"

"అక్కా, దగ్గరకొచ్చేశాం. డేరా ఏదీ? పొగ లేదు, మేకల వాసన లేదు."

"ఆ బండ వెనకుంటుంది, రా... ఒరేయ్."

"కనిపించిందా కుక్క?"

"కుక్క కాదురా. నాయన."

"నాయనా! నాయనా, నేనూ, మిస్ఫిర్‌ని!"

"ఎవరు బాబూ? దారి తప్పారా?"

"ముందు ఈ నీళ్లు తాగు నాయనా. మెల్లగా."

"నాకెందుకమ్మా? అతిథులు ముందు తాగాలి. తాగండి, తాగండి. ఇందాకట్నుంచీ మీ మొరుగుడుకి జవాబిచ్చీ ఇచ్చీ నా గొంతు బొంగురుపోయింది. మా కుక్క చచ్చిపోయింది మరి. దారి తప్పినవాళ్లు పిలుస్తుంటే పలక్కుండా ఎలా ఉంటాం?"

"మన డేరా ఎటో గుర్తుందా నాయనా? ఎటునుంచి వచ్చావు?"

"ఇటే... కాదు, అటు. ఇక్కడే ఉండాలి. ఎవరో ఎత్తేశారు."

"అక్కా, ఇప్పుడెటు? అక్కా!"

"ఆ అమ్మాయి ఏడుస్తోందేంటి బాబూ? భయపడకమ్మా. నా కూతురు తర్ఫా నన్ను వెతుక్కుంటూ వస్తూంటుంది. ఈ నేలంతా దానికి కొట్టిన పిండి. అది రానీ, మనందర్నీ ఇంటికి తీసుకుపోతుంది."