మూలన చుక్క జిగురు

పాత కాగితాలా? ఎందుకే, మీ బళ్ళో పిల్లలచేత ముక్కలంటించే ఆ కొలాజ్ బొమ్మలు చేయిస్తావా? పెద్దమ్మని అడగడానికి అంత మొహమాటమేంటి, ఆ సంచీ ఇటు లాగు. ఆగాగు, చూసి ఇస్తాను. నవ్వకు. మీ అక్క రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒక డ్రాయింగ్ టీచరుండేది, జిగురు టీచరనేవాళ్ళు. వేళ్ళకి మైదా జిగురు ఎండిపోయి ఎప్పుడూ పొట్టు రాలుతుండేది. కత్తెర ముట్టనిచ్చేది కాదు. "చేత్తో చింపండర్రా, అంచు మెత్తగా వస్తుంది" అనేది. పాపం, ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఏం చెప్తున్నాను... ఆ, ఇంట్లో పనికిరాని కాగితాలు తెమ్మందట. మీ అక్క బీరువాలో చీరల కింద నుంచి మీ పెదనాన్న ఉత్తరం పట్టుకుపోయింది. లారీ మీద వెళ్తూ దారిలో రాసింది. ఆఖరుది. ఉత్తరం వచ్చింది, మనిషి రాలేదు. సాయంత్రం వచ్చి, "అమ్మా, చింపి ఇల్లు చేశాను" అంది. అదెందుకు తీశావే అంటే, "నువ్వెప్పుడూ తియ్యవుగా, పనికిరాదనుకున్నా" అంది. కొట్టలేదు. మొదలుపెడితే ఆపలేనని తెలుసు. తిన్నగా బడికి పరిగెత్తాను.

టీచరు నేలమీద కూర్చుని జిగురు గిన్నె కడుగుతోంది. లేవలేదు. "ముందు తిట్టేయమ్మా, తర్వాత చూపిస్తాను" అంది. తిట్టాను. పాత పేపర్లు కొనేవాడు నయం, వాడైనా చూసి తీసుకుంటాడన్నాను. అంతా విని, అట్ట తెచ్చి బల్లమీద పెట్టింది. ఇల్లు. పైకప్పంతా ఆయన చేతిరాతే. పిల్ల చింపేశాక గానీ ఆవిడ చూడలేదట. దాన్నేమీ అనకుండా, మధ్యాహ్నం అన్నం మానేసి, ముక్కలన్నీ వరస తప్పకుండా పేర్చింది, పెంకులు నేసినట్టు. చదువుకుంటూ పోవచ్చు. "మూలన చుక్క జిగురే పెట్టాను. ఊడదీసుకోవాలంటే వచ్చేస్తాయి. ఒక్కటే రాదమ్మా, నేను చూసేసరికే పాప నిండా పూసేసింది" అంది. అది ఆయన సంతకం. గుమ్మంలో నిలువుగా అంటించింది మీ అక్క. అదేంటే అని టీచరడిగితే, "నాన్న లోపలికొస్తున్నాడు" అందట.

మిగతావీ ఊడదీయలేదు నేను. మళ్ళీ బీరువాలోనూ పెట్టలేదు. అదిగో, గోడకి.

ఇదిగో సంచీ. ఇందులోవన్నీ చూశాను, పట్టుకెళ్ళు. రేపు పిల్లలు తెచ్చినవి మాత్రం చింపకముందే చూడు.